నాన్న బిళ్ళలు మానేశారు, అన్నయ్య కెనడా తీసుకెళ్తానంటున్నాడు

కోనసీమ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయవద్దన్నారు. ఉత్తరం పొడవుగా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 36 ఏళ్ళు. ప్రైవేటు స్కూల్లో టీచరు. పుట్టింటికి నాలుగు కిలోమీటర్ల దూరంలోనే అత్తవారి ఊరు. నాన్నకు 58. కొబ్బరితోట ఉంది, చదువు మూడో తరగతితో ఆగింది. ఎనిమిది నెలల క్రితం గుండెపోటు వస్తే కాకినాడలో స్టెంట్ వేశారు. ఆ ఖర్చు ప్రభుత్వ పథకంలో పోయింది. ఇంటికి పంపుతూ అయిదు రకాల బిళ్ళలు రాసిచ్చారు, వాటికి నెలకు పద్దెనిమిది వందల దాకా అవుతోంది. ఈ మధ్య పుట్టింటికి వెళ్ళినప్పుడు చూస్తే రెండు నెలల కిందట కొన్న స్ట్రిప్పులు చాలావరకు అలాగే ఉన్నాయి. "ఒంట్లో బాగానే ఉంది కదమ్మా, ఎందుకు దండగ?" అన్నారట. ఊళ్ళో ఆర్‌ఎంపీ కూడా "ఇన్ని మందులు మింగితే కిడ్నీలు పోతాయి" అన్నాడట. ఏవి మానేశారో, ఏవి వేసుకుంటున్నారో అమ్మకూ సరిగ్గా తెలియదు.

అన్నయ్యకు టొరంటో దగ్గర ఉద్యోగం. ధనిక దేశాలవాళ్ళకు గుండెజబ్బు తెచ్చే కారణాలు ఎక్కువే అయినా చావులు తక్కువనీ, పేద దేశాల్లో అది తారుమారనీ ఎక్కడో చదివాడు. అప్పటినుంచి ఒకటే పోరు. తోట అమ్మేసి వాళ్ళిద్దరినీ కెనడా తీసుకెళ్తానంటాడు, లేకపోతే హైదరాబాద్‌లో ఫ్లాటు కొందామంటాడు. "ఆ ఊళ్ళో ఉంటే నాన్న బతకడు, లెక్కలే చెబుతున్నాయి. నువ్వు పక్కనే ఉండి కూడా చూసుకోలేదు" అన్నాడట. ఆ చివరి మాట తర్వాత ఇద్దరి మధ్యా సరిగ్గా మాటల్లేవు.

ఇది చాలదన్నట్టు, బీపీ, షుగర్, గుండెజబ్బుల మీద పరిశోధన చేస్తున్న ఒక బృందం ఊళ్ళోకి వచ్చింది. నలభై దాటినవాళ్ళందరికీ బీపీ చూస్తారు, రక్తం తీస్తారు, ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఫోన్ చేసి ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కుంటారు. ఉచితంగా పరీక్షలంటే నాన్న సరేనన్నారు. "మనవాళ్ళ మీద ప్రయోగాలు చేస్తారు, సంతకం పెట్టనివ్వకు" అని అన్నయ్య గట్టిగా చెప్పాడు.

నాన్నను ఎక్కడ ఉంచాలి, ఆ కాగితం మీద సంతకం పెట్టనివ్వాలా, అన్నయ్య అన్నట్టు తప్పు తనదేనా అని ఆమె అడిగారు.

*

అమ్మా, మీరు అడిగిన మూడింటికన్నా ముందు మీరు అడగనిది ఒకటి చెప్పాలి. స్టెంట్ వేసి ఇంకా ఏడాది నిండలేదు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేసినవాళ్ళకు రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల బిళ్ళలు కలిపి ఇస్తారు, మామూలుగా ఏడాది దాకా. వీటిని మధ్యలో మానేస్తే స్టెంట్ లోపలే గడ్డకట్టి రక్తనాళం ఒక్కసారిగా మూసుకుపోయే ప్రమాదం ఉంది. అలా జరిగేదాకా మనిషికి ఏమీ తెలియదు. ఒంట్లో బాగుండటం, స్టెంట్ బాగుండటం వేరు వేరు సంగతులు. అందుకని ఈ సమాధానం చివరిదాకా చదవకపోయినా ఫరవాలేదు, ముందు స్టెంట్ వేసిన డాక్టరుకు ఈరోజే ఫోన్ చేయండి. ఏ బిళ్ళ ఎన్నాళ్ళుగా వేసుకోవడం లేదో చెప్పి, ఎలా మొదలుపెట్టాలో అడగండి. ఒకటి రెండు రోజుల్లో నాన్నను తీసుకెళ్ళి చూపించండి. మిగిలిన స్ట్రిప్పులన్నీ, ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. ఈలోగా ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో లాగుతున్న నొప్పి, ఏది కనిపించినా ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

కిడ్నీల మాట కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే నాన్నను ఆపుతున్న భయం అదే. గుండెకు డాక్టరు రాసినవాటిలో కొన్ని బీపీ బిళ్ళలకు అప్పుడప్పుడు కిడ్నీ పరీక్ష చేయించాలి, అది నిజం. అంతేగానీ వీటివల్ల కిడ్నీలు పోతాయని మానేయడం తప్పు. బీపీని వదిలేస్తేనే కిడ్నీలు చెడిపోతాయి. ఊళ్ళల్లో ఒళ్ళునొప్పులకూ నడుంనొప్పికీ ఇష్టమొచ్చినట్టు వాడే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు, ఇంజెక్షన్లు అటు కిడ్నీకీ ఇటు గుండెకీ చేటు చేస్తాయి. నాన్న అవి వాడుతున్నారేమో కనుక్కోండి. మందులు వేసుకుంటే నీరసంగా ఉండటమో, కండరాలు లాగటమో ఉంటే అదీ డాక్టరుకు చెప్పాలి. మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. చాలామంది పెద్దవాళ్ళు అది అడగవచ్చని తెలియక గుట్టుగా మానేస్తారు.

ఇక మీ అన్నయ్య చెప్పిన లెక్కలు. ఆయన చదివింది 'ప్యూర్' అనే అధ్యయనం గురించి అనుకుంటున్నాను. దాన్ని నడిపిస్తున్నది ఆయన ఉంటున్న చోటికి దగ్గర్లోనే, హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన సంస్థ. దానికి నాయకత్వం వహించిన సలీం యూసుఫ్ కేరళలో పుట్టి, బెంగళూరు సెయింట్ జాన్స్‌లో వైద్యం చదివిన మనిషి. 2014లో ప్రచురించిన ఫలితాల్లో 17 దేశాలకు చెందిన లక్షా 56 వేల మంది ఉన్నారు. ధనిక దేశాలంటే అందులో కెనడా, స్వీడన్, యూఏఈ. పేద దేశాలంటే భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, జింబాబ్వే. మీ అన్నయ్య చెప్పింది అందులో ఉన్నమాటే. గుండెజబ్బు తెచ్చే కారణాలన్నీ కలిపి లెక్కవేస్తే ధనిక దేశాల్లోనే ఎక్కువగా తేలాయి. కానీ గుండెపోటూ పక్షవాతం లాంటి పెద్ద జబ్బులు వచ్చినవాళ్ళలో చనిపోయినవాళ్ళు అక్కడ నూటికి 6.5 మంది అయితే, మన గుంపు దేశాల్లో 17.3 మంది.

అయితే ఆయన ఈ లెక్క దగ్గరే ఆగిపోయాడు. అదే అధ్యయనం 2011లో ఇంకో సంగతి బయటపెట్టింది. అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో వచ్చిన 7,519 మందిని ఏయే మందులు వాడుతున్నారని అడిగారు. ఆస్పిరిన్ లాంటి గడ్డకట్టకుండా ఆపే బిళ్ళ, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, గుండెకూ బీపీకీ ఇచ్చే మరో రెండు రకాలు, ఇవన్నీ ఎన్నో ఏళ్ళుగా ఉన్న పాత మందులే. వీటిలో ఒక్కటి కూడా వేసుకోనివాళ్ళు ధనిక దేశాల్లో నూటికి 11 మంది. పేద దేశాల్లో 80 మంది. స్టాటిన్ వాడుతున్నవాళ్ళు అక్కడ నూటికి 66 మందికి పైనే, ఇక్కడ ముగ్గురు. పట్నాలకన్నా పల్లెల్లో ఇంకా తక్కువ. ఒకసారి చావు తప్పించుకుని ఇంటికి వచ్చిన మనిషి చవకైన బిళ్ళ లేక పోవడమంటే నాకు కడుపు మండుతుంది. ఈ అంకెలు ఎన్నిసార్లు చూసినా ఆ మంట తగ్గదు.

మీ ఇంటి సంగతికి ఇందులో దొరికే జవాబు ఏమిటంటే, కెనడాలో మనిషిని బతికిస్తున్నది ఆ గాలీ నీరూ కాదు. గుండెపోటు రాగానే అందే వైద్యం, ఇంటికి వచ్చాక రోజూ తప్పకుండా వేసుకునే బిళ్ళలు, ఎవరో ఒకరు వెంటపడి చూసే బీపీ. మొదటిది నాన్నకు కాకినాడలో దొరికింది. ఆ గండం గడిచింది. తర్వాత రెండూ మాత్రం అందలేదు, బిళ్ళలు ఇంటి అలమరాలోనే ఉండి కూడా. ఆ లోటు పూడ్చడానికి తోట అమ్మాల్సిన పని లేదు.

డబ్బు సంగతి లేదని అనను. అదే బృందం మందుల షాపుల్లో తీసిన లెక్కను 2016లో ప్రచురించింది. మన దేశంలో ఈ నాలుగు రకాల మందులు పల్లెల్లో కూడా నూటికి 81 చోట్ల దొరికాయి. మిగతా పేద దేశాలతో పోలిస్తే అది మంచి పరిస్థితే. కానీ నూటికి 59 ఇళ్ళకు వాటి ధర భారమని తేలింది. పద్దెనిమిది వందలు మీ నాన్నకూ భారమే, "దండగ" అన్న మాటలో ఆ భారమే వినిపిస్తోంది. కాబట్టి డాక్టరును చూసినప్పుడు ఇవే మందులు జనరిక్‌లో, అంటే కంపెనీ పేరుతో కాకుండా మందు పేరుతో, రాయమని అడగండి. జన ఔషధి దుకాణంలో ధర కనుక్కోండి, పీహెచ్‌సీలో ఏవి ఉచితంగా ఇస్తారో ఏఎన్‌ఎంను అడగండి. స్టెంట్ పథకంలో వేశారు కాబట్టి ఆ తర్వాతి మందులూ చెకప్‌లూ అందులో వస్తాయేమో ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర చెబుతారు. చాలామంది ఈ ప్రశ్న అడగకుండానే బయటి షాపుల్లో కొంటుంటారు.

ఎక్కడ ఉంచాలన్నది ఇప్పుడు చూద్దాం.

కెనడా తీసుకెళ్ళడం అంటే సాధారణంగా సూపర్ వీసా మీద. తల్లిదండ్రులు ఒకసారి వెళ్తే అయిదేళ్ళ దాకా ఉండవచ్చు. కానీ వాళ్ళు అక్కడ చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళే, పౌరులు కారు. మీ అన్నయ్యకు అందే ప్రభుత్వ వైద్యం వాళ్ళకు రాదు. ప్రైవేటు బీమా కొనాలి. ఎనిమిది నెలల క్రితం గుండెపోటు వచ్చిన మనిషికి ఆ బీమా గుండెజబ్బు ఖర్చు ఇస్తుందా, ఇస్తే ఏ షరతుల మీద ఇస్తుందన్నది పాలసీలో అక్షరం అక్షరం చదవాలి. చాలా పాలసీలు పాత జబ్బుకు, అది కొన్ని నెలలపాటు నిలకడగా ఉందని చూపిస్తేనే ఒప్పుకుంటాయి. అంటే ధనిక దేశానికి వెళ్ళి, అక్కడ వైద్యం అందని మనిషిగా మిగిలే అవకాశం ఉంది. కెనడా లెక్కల్లో ఉన్నవాళ్ళు ఆ దేశపు వైద్యం హక్కుగా ఉన్నవాళ్ళు, ఈ తేడా మీ అన్నయ్యకు చెప్పండి. ఏడాది గడిచి, ఆరోగ్యం కుదుటపడ్డాక మనవలను చూడటానికి కొన్ని నెలలు వెళ్ళి రావడం వేరు. అది సంతోషంగా చేయవచ్చు, దానికి తోట అమ్మనక్కర్లేదు.

హైదరాబాద్ విషయంలో ఒక నిజమైన లాభం ఉంది, దాచను. మళ్ళీ గుండెపోటు వస్తే పెద్దాసుపత్రి దగ్గర్లో ఉంటుంది. గుండెపోటులో ప్రతి నిమిషానికీ విలువ ఉంది. కానీ ఫ్లాట్‌లో వాళ్ళను చూసేదెవరు? మీరు ఇక్కడ, అన్నయ్య కెనడాలో. తోటలో తిరిగే మనిషికి ఆ నడక పోతుంది, తోడూ పోతుంది. బిళ్ళలు ఇక్కడ మానేసినట్టే అక్కడా మానేయవచ్చు, అప్పుడు పసిగట్టడానికి మీరు కూడా ఉండరు. అమ్మ వెళ్ళనంటున్నారని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఆ మాటకు ఇంకా చాలా బరువుంది.

ఊళ్ళోనే ఉంటే కొన్ని ఏర్పాట్లు చేసుకోవాలి. మీ ఏరియా ఆసుపత్రిలో గుండెపోటుకు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారా అని ముందే కనుక్కోండి. 108 రావడానికి ఎంతసేపు పడుతుందో, రాత్రిపూట అయితే ఎవరి కారు దొరుకుతుందో, కాకినాడకా రాజమండ్రికా, ఎటు త్వరగా చేరవచ్చో ఇప్పుడే తేల్చి పెట్టుకోండి. ఇవేవీ కుదరని ఊరైతే హైదరాబాద్ వైపు మొగ్గడంలో తప్పు లేదు. ఈ ఏర్పాట్లు కుదిరితే మాత్రం నా మనసు ఊరివైపే మొగ్గుతుంది. ఏది చేసినా, మందులు సరిగ్గా మొదలై డాక్టరు సరేననేదాకా తోట బేరం మాత్రం ఆపండి. భయంలో అమ్మిన భూమి మళ్ళీ రాదు.

మందులు తప్పకుండా వేసుకోవడానికి ఏం చేయాలన్నది ఊహ మీద చెప్పడం లేదు. 2019లో వెలువడిన 'హోప్-4' అనే పరిశోధన కొలంబియా, మలేసియాల్లో చేశారు. బీపీ అదుపులో లేనివాళ్ళను తీసుకుని, కొన్ని ఊళ్ళలో డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు, మందులు ఉచితంగా ఇచ్చారు. దానితోపాటు ప్రతి రోగీ తన ఇంట్లోనుంచో స్నేహితుల్లోనుంచో ఒకరిని తోడుగా ఎంచుకునేలా చేశారు. బిళ్ళ వేసుకున్నావా అని అడగడం, చెకప్‌కు వెంట రావడం ఆ తోడు మనిషి పని. ఏడాది తిరిగేసరికి ఆ ఊళ్ళలో నూటికి 69 మందికి బీపీ అదుపులోకి వచ్చింది. మామూలు పద్ధతిలో వదిలేసిన ఊళ్ళలో 30 మందికే. మీ ఇంట్లో ఆ తోడు ఎవరన్నది నాన్ననే ఎంచుకోనివ్వండి. మీరే కానక్కర్లేదు. తోటలో రోజూ కలిసే స్నేహితుడు కావచ్చు, సాయంత్రం ట్యూషన్‌కు వచ్చే మనవడు కావచ్చు. ఆయనకు తెలియకుండా మీరు బిళ్ళలు లెక్కపెడితే ఆయన దాచడం నేర్చుకుంటారు.

నాన్నతో మాట్లాడేటప్పుడు చావు గురించి భయపెట్టకండి, ఆయన ఇప్పటికే భయపడి ఉన్నారు. కొబ్బరిచెట్టుకు ఇప్పుడు నీళ్ళు ఆపితే కాపు ఇప్పుడే తగ్గదని, ఎన్నో నెలల తర్వాత గెల మీద తెలుస్తుందని ఆయనకు మీకన్నా బాగా తెలుసు. ఈ బిళ్ళల సంగతీ అంతేనని చెప్పండి.

ప్యూర్ అధ్యయనంలోనే ఇంకో ముక్క, అదీ 2019లోదే, మీ గురించే రాసినట్టుంటుంది. పేద దేశాల్లో గుండెజబ్బు చావులకు ఆస్తికన్నా చదువుతో ఎక్కువ సంబంధం కనిపించింది. చదువు తక్కువ ఉన్నవాళ్ళే ఎక్కువగా చనిపోయారు. చీటీ మీద ఏముందో చదవలేని మనిషి ఎవరు చెప్పిన మాటనైనా నమ్మాల్సి వస్తుంది, మీ నాన్న ఆర్‌ఎంపీని నమ్మినట్టు. ఆ ఇంట్లో చదువుకున్నది మీరూ అన్నయ్యా. ఒక పెద్ద కాగితం మీద ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఆ పూట బిళ్ళను స్ట్రిప్పులోంచి కత్తిరించి అంటించి, అది దేనికో తెలుగులో రెండు మాటలు రాసి గోడకు పెట్టండి. మీరు టీచరు, ఇది మీకు చిటికెలో పని.

పరిశోధన కాగితం దగ్గరికి వద్దాం. అన్నయ్య అనుమానానికి ఆధారం లేకపోలేదు. 2009లో, ఇప్పటి తెలంగాణలోని ఖమ్మం జిల్లాలో ఒక పరిశోధన కార్యక్రమం కింద గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకాలు (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేవి) వేస్తే, చాలామంది విషయంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని బయటపడింది. 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. టీకా వేయించుకున్నవాళ్ళలో కొందరు అమ్మాయిలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చినా, పిల్లల తరఫున అలా సంతకాలు తీసుకోవడం అన్యాయమే. పేదవాళ్ళ ఒప్పుకోలును తేలిగ్గా తీసుకున్న చరిత్ర మనకుంది.

ఇంకో చరిత్ర కూడా మీ గోదావరి జిల్లాల్లోనే ఉంది. 2003-04లో ఉభయగోదావరుల్లో 45 గ్రామాల్లో పరిశోధకులు తిరిగి, చనిపోయిన ప్రతి మనిషి ఇంటికీ వెళ్ళి, పోయేముందు ఏం జరిగిందో కుటుంబాన్ని అడిగి రాసుకున్నారు. పల్లెల్లో జనం జ్వరాలతో, అంటురోగాలతోనే పోతారని అందరూ అనుకునే రోజులవి. చూస్తే దాదాపు మూడోవంతు చావులు గుండెజబ్బు, పక్షవాతం లాంటి రక్తప్రసరణ జబ్బులవల్లే. అంటురోగాల వాటా అందులో సగం కూడా లేదు. తమ ఇంట్లో మనిషి పోయిన దుఃఖంలో ఉండి కూడా ఆ కుటుంబాలు జవాబు చెప్పాయి కాబట్టే ఇది తెలిసింది. ఆ ఇళ్ళవాళ్ళకు ఎవరూ కృతజ్ఞత చెప్పి ఉండరు. నాకు మాత్రం వాళ్ళంటే గౌరవం.

మీ ఊరికి వచ్చినవాళ్ళు ఏ రకమో తెలుసుకోవాలి. మీరు రాసినదాన్ని బట్టి కొత్త మందు ఏదీ ఇవ్వడం లేదు, గమనించి రాసుకుంటారంతే. అయినా వాళ్ళను కొన్ని అడగండి. తెలుగులో రాసిన సమాచార పత్రం చేతికి ఇస్తారా? ఏ ఎథిక్స్ కమిటీ (పరిశోధన న్యాయంగా జరుగుతోందా అని చూసే సంఘం) అనుమతి ఇచ్చింది, వాళ్ళ ఫోన్ నంబరు ఏది? రక్తం ఎక్కడికి వెళ్తుంది, ఎన్నేళ్ళు దాస్తారు? అన్నిటికన్నా ముఖ్యం, పరీక్షలో ఏదైనా ఎక్కువ వస్తే ఆ రిపోర్టు నాన్నకు ఇస్తారా, ఏ డాక్టరు దగ్గరికి పంపుతారు? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఎప్పుడైనా, కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు, అలా తప్పుకున్నందుకు మామూలు వైద్యం ఆగకూడదు. వీటికి తిన్నగా జవాబు చెప్పని బృందమైతే వద్దనండి. చెబితే, చేరడంవల్ల నాన్నకు పెద్ద నష్టం లేదు. లాభం కూడా పెద్దగా ఉండదు, కొన్ని పరీక్షలూ అప్పుడప్పుడూ ఒక ఫోనూ తప్ప. రక్తం తీయడం వైద్యం కాదని ఆయనకు స్పష్టంగా చెప్పండి. బృందం వచ్చి చూసి వెళ్తోంది కదా అని డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేస్తారేమోనన్నదే నా భయం. ఆ సంతకం మాత్రం ఆయనది. మీరు కాగితం చదివి వినిపించవచ్చు, అన్నయ్య తన అనుమానం ఫోన్‌లో ఆయనకే చెప్పవచ్చు. ఆయన తరఫున సరేననే హక్కుగానీ వద్దనే హక్కుగానీ మీ ఇద్దరికీ లేదు.

చివరికి ఆ మాట, "పక్కనే ఉండి కూడా చూసుకోలేదు" అన్నది. ఉద్యోగం, అత్తిల్లు, పిల్లలు ఉండగా మీరు వారానికోసారి వెళ్తున్నారు. మందులు మానేసిన సంగతి పట్టుకున్నదే మీరు. మీ అన్నయ్య దూరాన ఉండి ఏమీ చేయలేక ఆ నిస్సహాయతను మీ మీద పెట్టాడు. అది మీ తప్పు కాదు. గొడవ పడకుండా ఆయనకు చేతికి ఒక పని ఇవ్వండి. నెలనెలా మందుల డబ్బు ఆయన పంపాలి. చేతికి కట్టి చూసుకునే బీపీ మిషన్ ఒకటి కొనిపెట్టాలి. ఆదివారం వీడియో కాల్‌లో నాన్న బీపీ చూసుకుంటుంటే ఆయనే రాసుకోవాలి, డాక్టరుకు ఆ పట్టిక ఆయనే పంపాలి. 2011 నాటి ఆ బిళ్ళల లెక్క కూడా ఆయనకు చెప్పండి. లెక్కలను నమ్మే మనిషి కదా, అదీ నమ్ముతాడు.

ఇంకొకటి. మీ ఉత్తరంలో అమ్మ బీపీ, షుగర్ గురించి ఎక్కడా లేదు, మీ గురించీ లేదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో మన దక్షిణాసియావాళ్ళకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వచ్చినట్టు తేలింది, మిగతావాళ్ళకు 59 దగ్గర. మీరు ఆ వయసుకు దూరంగానే ఉన్నారు, కానీ నాన్నకు వచ్చింది కాబట్టి మీరూ అన్నయ్యా ఇప్పటినుంచే చూపించుకోవాలి. ముప్పై దాటినవాళ్ళకు పీహెచ్‌సీలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. నాన్న మందులు అడగడానికి వెళ్ళిన రోజే అమ్మను కూడా వెంట తీసుకెళ్ళండి.